అవును, లేదు అనే రెండు గళ్ళు

టొలీడోలో మార్చి ఆఖరి వారం.
మామీ నది మీద మంచు పలకలుగా విరిగి
ఒకదాని మీదకొకటి ఎక్కుతోంది,
వంటింటి బల్ల మీద నా రసీదుల్లాగే.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే నూట నలభై మందిమి.
మా యూనియన్‌కి నేను కోశాధికారిని,
పద్నాలుగు వారాలుగా.
నా ఏడు ఏడులా, ఒకటి ఒకటిలా ఉంటాయని ఎన్నుకున్నారు.
అంతకంటే గొప్ప కారణం లేదు.

నాకు ముందు వెండెల్ ప్రొచాస్కా.
పందొమ్మిదేళ్ళు రాశాడు ఈ పద్దులు.
డిసెంబరులో ఒక బూట్ల పెట్టె చేతిలో పెట్టి
"అన్నీ ఇందులోనే" అన్నాడు.
ఆ రాత్రే తేలింది.
అన్నీ ఉన్నాయి,
రెండువందల పన్నెండు డాలర్లు తప్ప.

అప్పట్నుంచీ కూడుతూనే ఉన్నాను,
పైనుంచి కిందికి, కిందినుంచి పైకి.
లోటు మాత్రం కదల్లేదు,
గుమ్మంలో పడుకున్న పిల్లిలా.

ముప్పై ఒకటో తారీఖు లోపు ఫారం వాషింగ్టన్ చేరాలి.
చందా ఎంత వచ్చింది, హాలు అద్దె ఎంత,
కాఫీకి ఎంత, ఎవరి జీతం ఎంత.
ఎవరైనా తెరిచి చూడొచ్చు:
మా సభ్యులు, పక్క ఊరివాళ్ళు,
అందరికంటే ముందు కంపెనీ లాయరు.
కంపెనీ చిట్టా మాత్రం మేం అడిగితే
బీరువా తాళం ఎక్కడో పోయిందంటుంది.

ఫారంలో ఒక ప్రశ్న:
ఈ ఏడాది నిధుల్లో నష్టం గానీ కొరత గానీ మీ దృష్టికి వచ్చిందా?
పక్కన రెండు గళ్ళు.
కింద ఇద్దరి సంతకాలకు చోటు.
అబద్ధమైతే శిక్ష అని చిన్న అక్షరాల్లో.

రెండో సంతకం అధ్యక్షురాలు లుసీల్‌ది.
"ఇతర ఖర్చుల్లో కలిపెయ్,
ఆ గడి ఉన్నదే అందుకు" అంది,
కోటు విప్పకుండానే.

ఆదివారం వెండెల్ ఇంటికి వెళ్ళాను.
కోడిగుడ్ల అట్టల్లో టమాటా నారు పోస్తున్నాడు.
నేనేమీ అడగలేదు.
వేళ్ళకంటిన మట్టి తుడుచుకుంటూ తనే చెప్పాడు.
"నవంబరు. డెల్ఫీన్ ఇంటి తలుపుకి
కరెంటు తీసేస్తామని పసుపు కాగితం అంటించారు.
ఎవరికీ చెప్పొద్దంది.
రసీదు రాస్తే చెప్పినట్టే కదా."

డెల్ఫీన్ రోజూ నా పక్క రోలర్ దగ్గరే.
వేడి దుప్పటి చెరో కొసా పట్టుకుని మడుస్తాం.
ఆ పూట ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను,
డబ్బు నేనే తీసినట్టు.

అవును అనే గడిలో గీత పెట్టాను.
పేరు రాయలేదు. ఫారం అడగలేదు కూడా.
"సభ్యురాలికి సాయం. తీర్మానం లేదు. రసీదు లేదు."
లుసీల్ పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంచి
చివరికి సంతకం పెట్టింది.

గురువారం సమావేశంలో పైకి చదివాను.
కాఫీ యంత్రం ఒక్కటే గురక పెడుతోంది.
అప్పుడు వెనక బెంచీలోంచి టడేయుష్ లేచాడు,
ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ నోరు తెరవని మనిషి.
"రెండేళ్ళ కిందట చలికాలంలో నా గ్యాస్ తీసేశారు.
పెట్టె ఉందని నాకెవరూ చెప్పలేదే."

అంతే. కూర్చున్నాడు.
వెండెల్ దయగలవాడే, కాదనను.
కానీ దాపరికంలో చేసిన దయ
దారి తెలిసినవాళ్ళ ఇంటికే వెళ్తుంది.
మా భాషలో లెక్కచేయడానికి రెండర్థాలు.
పందొమ్మిదేళ్ళు మేం ఒక్కటే చేశాం,
అదీ తప్పుగా.

డెల్ఫీన్ తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయింది.
నాతో ఇంకా మాట్లాడలేదు.
దుప్పటి కొస మాత్రం అందిస్తోంది.

వెండెల్ చెక్కు పంపాడు, రెండువందల పన్నెండుకి.
జమ రాసుకున్నాను.
సాయం నిధి పెట్టాలా వద్దా అని
వచ్చే నెల ఓటు. ఏమవుతుందో తెలీదు.

ఇంటికొస్తూ మూల దుకాణంలో
కార్బన్ కాగితాల రసీదు పుస్తకం కొన్నాను.
మూడు డాలర్ల తొంభై సెంట్లు.
మొదటి కాగితం మీద
దాని ధరే రాశాను.